ఎస్సై నుంచి డీజీపీ దాకా: పోలీసు శాఖలో పెద్ద అధికారిగా ఎదగడం ఎలా?

దేశంలో ఎవరికి ఐపీఎస్ వచ్చినా ట్రైనింగ్‌కి హైదరాబాద్ రావాల్సిందే. 1948లో మౌంట్ ఆబూలో మొదలైన పోలీసు కాలేజీ 1975లో ఇక్కడికి మారింది. అదే శివరాంపల్లిలోని సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ జాతీయ పోలీసు అకాడమీ. తెలంగాణ రాష్ట్రంలో కొత్తగా చేరే డీఎస్పీలు, ఎస్సైలకేమో అప్పా జంక్షన్ దగ్గర రాష్ట్ర అకాడమీ ఉంది. అయితే ఈ రెండు చోట్లా పడేది పునాది మాత్రమే. ఎవరు పైదాకా వెళ్తారన్నది తర్వాతి పాతిక, ముప్పై ఏళ్లలో స్టేషన్‌లో ఒకసారి, ఫైల్లో, అంటే సర్వీసు రికార్డులో, ఒకసారి తేలుతుంది. స్టేషన్‌లో మంచి పేరున్నా ఫైలు బాగోక ఆగిపోయినవాళ్లున్నారు. ఫైలు బాగుండి స్టేషన్ తెలియనివాళ్లు పైకి వెళ్లడం శాఖకి ఇంకా పెద్ద నష్టం. అందుకే రెండూ మొదటి రోజు నుంచీ చూసుకోవాలి.

1. ఏ దారిలో చేరుతున్నారో ముందే లెక్క వేసుకోండి

డిగ్రీ ఉంటే పోలీసు రిక్రూట్‌మెంట్ బోర్డు పరీక్ష రాసి ఎస్సై కావచ్చు. గ్రూప్‌-1లో డీఎస్పీ పోస్టు ఉంటుంది. సివిల్స్ రాస్తే ఐపీఎస్. ఇందులో ఏ దారీ తక్కువది కాదు గానీ, వయసు లెక్క మాత్రం వేరు వేరు.

ఐపీఎస్‌లో డీఐజీ కావడానికి 14 ఏళ్ల సర్వీసు కావాలి, ఐజీకి 18, అదనపు డీజీకి 25, డీజీ హోదాకి 30. రిటైర్మెంట్ 60కి. సివిల్స్ జనరల్ కేటగిరీలో 32 ఏళ్ల దాకా రాయొచ్చు. ఆ చివరి ప్రయత్నంలో వస్తే 30 ఏళ్ల సర్వీసు నిండకముందే రిటైరవుతారు. ఇంట్లో పెద్దవాళ్లకి ఈ సంగతి ముందే చెప్పి పెట్టుకుంటే, తర్వాత "డీజీపీ ఎప్పుడవుతావురా?" అన్న ప్రశ్న తప్పుతుంది.

డీఎస్పీగా చేరినవారికి ఐపీఎస్ తలుపు మూసి ఉండదు. రాష్ట్ర ఐపీఎస్ కేడర్‌లోని సీనియర్ పోస్టుల్లో మూడో వంతు దాకా రాష్ట్ర సర్వీసు నుంచి ప్రమోషన్ మీద నింపుతారు. కనీసం 8 ఏళ్లు డీఎస్పీ స్థాయిలో చేసి ఉండాలి. ఖాళీలను బట్టి నిజానికి అంతకంటే ఎక్కువే పడుతుంది. ఎస్సైగా చేరినవారిలో చాలామంది డీఎస్పీ, అదనపు ఎస్పీ దగ్గర ఆగిపోతారు. బ్రిటన్‌లో అయితే చీఫ్ కానిస్టేబుల్, అంటే పోలీసు దళానికి అధిపతి, అయ్యేవారు కూడా మామూలుగా కానిస్టేబుల్‌గానే మొదలవుతారు. అక్కడ 2014లో నేరుగా సూపరింటెండెంట్లను చేర్చుకునే పద్ధతి తెచ్చి, కొన్నేళ్లకే ఆపేశారు. మన దగ్గర తలుపులు మొదటే వేరు. కింది నుంచి వచ్చినవారికి పై మెట్లు ఇంకొన్ని తెరవాలని నా అభిప్రాయం. నిజాం కాలంలో అమీన్‌గా, అంటే కింది స్థాయి పోలీసు అధికారిగా, చేరిన రాజా బహదూర్ వెంకటరామారెడ్డి 1920 నుంచి 1934 దాకా హైదరాబాద్ కొత్వాల్‌గా, అంటే నగర పోలీసు అధిపతిగా, చేశారు. అప్పా దగ్గరి అకాడమీకి ఆయన పేరే పెట్టారు.

2. స్టేషన్ పని మీ చేత్తో చేయండి

ఐపీఎస్ ప్రొబేషనర్, అంటే శిక్షణలో ఉన్న అధికారి, జిల్లా ట్రైనింగ్‌లో ఉండగా కొన్నాళ్లు స్టేషన్ చూస్తారు. కొందరు దాన్ని ఫొటోల కాలంగా గడిపేస్తారు. అలా చేయకండి. దర్యాప్తు పూర్తయిన కేసులో సీడీ ఫైలు, అంటే కేస్ డైరీ, తెప్పించుకుని సాక్షుల వాంగ్మూలాలు పక్కపక్కన పెట్టి చదవండి. పాలవాడు, ఎదురింటి ఆవిడ, ఆటో డ్రైవరు ముగ్గురూ "సదరు నిందితుడు పదునైన ఆయుధంతో..." అని ఒకే వాక్యం చెప్పినట్టు ఉందంటే, స్టేషన్‌లో రాతపని చూసే రైటర్ పేర్లూ వయసులూ మార్చి మిగతాది కాపీ కొట్టాడన్నమాట. ఆ కేసు కోర్టులో డిఫెన్స్ లాయరు మొదటి ప్రశ్నకే కూలుతుంది. ఈ సంగతి ఏ క్లాసులో విన్నా తలకెక్కదు. మీరే వెళ్లి ఆటో డ్రైవరుతో మాట్లాడి అతని మాటల్లోనే రాసుకొస్తే ఎక్కుతుంది.

రెండోది రిసెప్షన్ కౌంటర్. రాత్రి పదింటికి ఒకావిడ కూతురు కనబడట్లేదని వస్తుంది. "అమ్మా, అది మా పరిధి కాదు, అవతలి స్టేషన్‌కి వెళ్లండి" అంటాడు కానిస్టేబుల్. 2024 జూలై 1 నుంచి సీఆర్‌పీసీ స్థానంలో అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్ చట్టంలోని 173వ సెక్షన్ ప్రకారం పరిధి ఏదైనా ఫిర్యాదు తీసుకోవాలి. దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. రూలు అందరికీ తెలుసు. అయినా తిప్పి పంపుతారెందుకు? కేసుల సంఖ్య పెరిగితే నెలవారీ క్రైమ్ మీటింగ్‌లో తిట్లు పడతాయని. కాబట్టి మీ చేతికి అధికారం వచ్చినప్పుడు కేసులు పెరిగాయని ఎస్‌హెచ్‌ఓని, అంటే స్టేషన్ ఇన్‌చార్జిని, నిలదీయకండి, వచ్చిన ఫిర్యాదు ఎక్కడ ఆగిందో అడగండి. ఈ ఒక్క మార్పు చేయగలిగిన అధికారిని నేను నాయకుడంటాను.

3. బందోబస్తు మ్యాపుతో కాదు, మనుషులతో నేర్చుకోండి

నిమజ్జనం రోజు బాలాపూర్ గణేశుడు చార్మినార్, ఎంజే మార్కెట్ మీదుగా ట్యాంక్‌బండ్ చేరేదాకా ఎవరికీ టెన్షన్ తగ్గదు. 2023లో నిమజ్జనం, మిలాద్ ఉన్ నబీ రెండూ సెప్టెంబర్ 28నే పడ్డాయి. మిలాద్ ఊరేగింపును నిర్వాహకులే అక్టోబర్ 1కి జరుపుకున్నారు. ఇలాంటి సర్దుబాటు ఆ ముందు రోజు మీటింగ్ పెట్టి సాధించేది కాదు. మసీదు కమిటీ పెద్దకీ ఉత్సవ సమితి కుర్రాడికీ ఎస్‌హెచ్‌ఓ ముఖం ఏడాది పొడుగునా తెలిసి ఉండాలి. చావుకీ పెళ్లికీ కనబడని అధికారి పండక్కి మాత్రం ఫోన్ చేస్తే ఎవరు వింటారు? పోస్టింగ్ వచ్చిన మొదటి నెలలోనే ఏ గల్లీలో ఎవరి మాట నడుస్తుందో, ఎవరు మాట్లాడితే అగ్గి రాజుకుంటుందో రాసి పెట్టుకోండి.

4. లూప్‌లైన్‌కి వేస్తే కుంగిపోకండి

లూప్‌లైన్ అంటే ప్రాధాన్యం లేదనుకునే పోస్టింగ్. సీఐడీ, ట్రైనింగ్, కంప్యూటర్ విభాగం లాంటివి ఎవరూ అడిగి తీసుకోరు. సైబర్ నేరాలు ఇంత పెరిగాక ఆ చూపు పాతబడింది. పైగా కుటుంబంతో రెండు పూటలా భోంచేసే అవకాశం దొరికేది అక్కడే.

5. ఫైలు శుభ్రంగా ఉంచుకోండి

ఐపీఎస్ అధికారులకి ప్రతి ఏడాదీ పనితీరు నివేదిక రాస్తారు. ముందు మీరు మీ పని రాసివ్వాలి. తర్వాత పై అధికారి, ఆయన పైవారు, చివరికి ఆమోదించేవారు పదికి మార్కులు వేస్తారు. దాన్ని మీకు చూపించాలి, అభ్యంతరం ఉంటే రాసుకోవచ్చు. చాలామంది తమ భాగాన్ని ఆఖరి రోజు హడావుడిగా నింపి పడేస్తారు. ఏడాదిలో చేసిన పెద్ద పనులు నెలనెలా ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటే ఆ అవస్థ ఉండదు. స్థిరాస్తుల వివరాలు జనవరి 31 లోపు ఇవ్వాలి. అది ఇవ్వకపోతే విజిలెన్స్ క్లియరెన్స్, అంటే మీ మీద ఆరోపణలేవీ లేవన్న ధ్రువీకరణ, ఆగుతుంది, దానితో ప్రమోషన్ కూడా.

6. మధ్యలో వచ్చే కోర్సులు ఎగ్గొట్టకండి

సర్వీసు మధ్యలో మళ్లీ శివరాంపల్లికి పిలుస్తారు. "నాకు తెలియనిదేముంది?" అనిపించే వయసులోనే పిలుస్తారు కాబట్టి వెళ్లండి. వేరే రాష్ట్రాలవాళ్లతో టీ తాగుతూ విన్నది కూడా పనికొస్తుంది.

7. ఆఖరి ఎంపిక ఎలా జరుగుతుందో తెలుసుకోండి

ప్రకాశ్ సింగ్ కేసులో 2006 సెప్టెంబర్ 22న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు డీజీపీ ఎంపికకి ఆధారం. సర్వీసు, రికార్డు, అనుభవం చూసి యూపీఎస్సీ ముగ్గురు సీనియర్ల ప్యానెల్ తయారు చేస్తుంది. వారిలో ఒకరిని రాష్ట్ర ప్రభుత్వం డీజీపీగా ఎంచుకోవాలి. ఎంచుకున్నాక కనీసం రెండేళ్లు ఉంచాలి. ఖాళీ రావడానికి మూడు నెలల ముందే ప్రతిపాదన పంపాలని, తాత్కాలిక డీజీపీలను పెట్టవద్దని 2018లో కోర్టు మళ్లీ చెప్పింది. రాష్ట్రాలు దీన్ని పాటించే తీరు మీద పేచీలు నడుస్తూనే ఉన్నాయి. రాజకీయాల పాత్ర లేదని ఎవరూ అనరు. కానీ ప్యానెల్‌లో పేరుంటేనే ఆ ఆట మొదలవుతుంది.

8. ఇప్పుడు మీరు ఇంకొకరిని ఎంచుకోండి

డీసీపీ అయిన రోజు నుంచి ఎంపిక చేసే పని మీ మీదా పడుతుంది. ఒక స్టేషన్‌కి ఇన్‌స్పెక్టర్ కావాలి, ముగ్గురి పేర్లున్నాయి. సిఫార్సు ఫోన్లు ఎలాగూ వస్తాయి, మర్యాదగా విని పెట్టేయండి. ముగ్గురికీ కోర్టులో కొట్టేసిన ఒకే పాత కేసు ఫైలిచ్చి, ఎక్కడ పోయిందో రెండు పేజీల్లో రాసి తెమ్మనండి. తప్పంతా సాక్షుల మీద తోసేసినవాడిని పక్కన పెట్టండి. తర్వాత వాళ్లు ఇంతకుముందు పనిచేసిన స్టేషన్లలో హోంగార్డునీ డ్రైవర్‌నీ విడిగా పిలిచి, సార్ సెలవు ఎలా ఇచ్చేవారో అడగండి. ఎంచుకున్నాక మీరు సెలవు మీద వెళ్లినప్పుడు చిన్న బందోబస్తు ఒకటి పూర్తిగా అతనికే వదిలి, వచ్చాక డ్యూటీ చార్టు ముందు పెట్టుకుని ఏ పాయింట్‌లో ఎవర్ని ఎందుకు పెట్టాడో అతని నోటితోనే చెప్పించుకోండి.