వైజాగ్‌లో కూర్చుని అమెరికా అల్లుడి వంశవృక్షం వెతకడం ఎలా

మా మేనకోడలు అమెరికా అబ్బాయిని పెళ్లి చేసుకుంది. పాప పుట్టాక ఒక రోజు ఫోన్ చేసి, "మావయ్యా, మన వైపు వంశవృక్షం నువ్వే గీశావు కదా, వీళ్ల వైపుది కూడా చూసి పెట్టవా" అంది. సరే అన్నాను. ఎంవీపీ కాలనీలో మా మేడ మీద గదిలో ఆర్నెల్ల పాటు రాత్రిళ్లు లాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నాక నాకు అర్థమైంది రాస్తున్నాను. అల్లుడి ఇంటిపేరు మిల్లర్. మన వీధిలో నిలబడి "అప్పలరాజూ" అని పిలిస్తే ఎంతమంది తిరిగి చూస్తారో, అక్కడ మిల్లర్ అంటే అంతమంది తిరుగుతారు, అందుకే నా తప్పులు మీకు పనికొస్తాయి.

ముందు కంప్యూటర్ మూసేసి పెద్దవాళ్లకి ఫోన్ చేయండి. తద్దినంలో మనం తండ్రి, తాత, ముత్తాత పేర్లు మూడూ గడగడా చెప్పేస్తాం, నాలుగో పేరు అడిగితే నోరు మెదపం. అక్కడా దాదాపు అంతే. ఉత్తినే పేర్లు అడగొద్దు. నాయనమ్మ పుట్టింటి ఇంటిపేరు ఏమిటి, ఏ చర్చికి వెళ్లేవారు, ఏ కౌంటీలో (మన జిల్లా లాంటిది) పొలం ఉండేది, ఇంట్లో పాత బైబిల్ ఏమైనా ఉందా, ఇవి అడగండి. పిల్లల పుట్టిన తేదీలు, చావులు, పెళ్లిళ్లు బైబిల్ ముందు పేజీల్లో రాసుకోవడం చాలా కుటుంబాల్లో అలవాటు.

తర్వాత జనాభా లెక్కలు. అసలు పని ఇక్కడే. అమెరికాలో 1790 నుంచి పదేళ్లకోసారి లెక్క తీస్తున్నారు, 72 ఏళ్లు దాటితే గానీ మనుషుల పేర్లతో ఉన్న కాగితాలు బయటపెట్టరు. 1950వి 2022 ఏప్రిల్‌లో వచ్చాయి. కాబట్టి తాతగారిని 1950లో పట్టుకుని, అక్కడి నుంచి ఒక్కో మెట్టూ వెనక్కి దిగాలి. ఫ్యామిలీసెర్చ్ అనే సైట్‌లో ఖాతా తెరిస్తే ఇవన్నీ ఉచితం, డబ్బు కట్టే సైట్ల జోలికి మొదట్లోనే పోకండి. 1900 లెక్కలో పుట్టిన నెల, సంవత్సరం, వలస వచ్చినవాళ్లయితే ఏ ఏడు వచ్చారో కూడా ఉంటుంది. 1890 దాదాపు మొత్తం పోయింది, వాషింగ్టన్‌లో 1921లో జరిగిన అగ్నిప్రమాదంలో చెడిపోయి, మిగిలినవి కూడా తర్వాత పారేశారు. ఆ ఇరవై ఏళ్ల ఖాళీలో పిల్లలు పుట్టి, పెరిగి, పెళ్లయి వెళ్లిపోతారు, జాగ్రత్త. 1880లో ఇంటి పెద్దకి ఎవరు ఏమవుతారో రాశారు. 1850లో బానిసలు కాని అందరి పేర్లూ ఉంటాయి కానీ వరస ఉండదు, పక్కనున్న పిల్లాడు కొడుకో, తమ్ముడి కొడుకో, పనికి పెట్టుకున్నవాడో మనమే తేల్చుకోవాలి. అంతకుముందు ఇంటి పెద్ద పేరు ఒక్కటే, మిగతావాళ్లు వయసుల వారీగా ఉత్త అంకెలు.

నేను పప్పులో కాలేసింది కూడా ఇక్కడే. ఒకే కౌంటీలో ఇద్దరు జాన్ మిల్లర్లు ఉన్నారు, ఇద్దరికీ హెన్రీ అనే కొడుకు ఉన్నాడు. ఎవరో ఆన్‌లైన్‌లో గీసిపెట్టిన చెట్టు చూసి కలిపేసుకున్నాను. నెల తర్వాత వీలునామా చదివితే తెలిసింది, నేను తండ్రి అనుకున్నాయన హెన్రీ పుట్టడానికి మూడేళ్ల ముందే పోయాడు! అప్పటి నుంచి ఎవరి చెట్టునీ నమ్మను, కాగితం చూస్తాను. పాత రికార్డుల్లో సీనియర్, జూనియర్ అని ఉంటే తండ్రీకొడుకులే అనుకోకండి, ఒకే ఊళ్లో ఒకే పేరున్న పెద్దాయన్నీ చిన్నాయన్నీ కూడా అలాగే పిలిచేవారు.

1850కి ముందు దారి వీలునామాలు, భూమి దస్తావేజులు, పన్ను జాబితాలు, చర్చి పుస్తకాలు. వీలునామాలో "నా కూతురు ఎలిజబెత్, ఫలానావారి భార్య" అని కనబడితే అది బంగారమే, అమ్మాయి మారిన ఇంటిపేరు దొరికినట్టే. కానీ ఏ కౌంటీలో వెతుకుతున్నారో చూసుకోండి. మన విశాఖ జిల్లాలోంచి 1950లో శ్రీకాకుళం విడిపోయింది, 1979లో కొంత విజయనగరానికి పోయింది, 2022లో అనకాపల్లి, అల్లూరి జిల్లాలు వచ్చాయి. మనిషి కదలకపోయినా జిల్లా మారిపోతుంది. అక్కడా అంతే, కౌంటీలు చీలినా పాత కాగితాలు సాధారణంగా పాత కౌంటీలోనే ఉండిపోతాయి.

ఓడల సంగతి. ఓడల్లో వచ్చినవారి జాబితాలు కేంద్రానికి ఇవ్వాలన్న నియమం 1820 నుంచి ఉంది. న్యూయార్క్ రేవులో వలస వచ్చినవాళ్లని తనిఖీ చేసే కేంద్రం ఎల్లిస్ ఐలాండ్ తెరిచింది 1892లో, దానికి ముందు అదే పనికి అక్కడే 1855 నుంచి 1890 దాకా కాజిల్ గార్డెన్ ఉండేది. మీ కుటుంబం 1700ల్లో వచ్చి ఉంటే ఎల్లిస్ ఐలాండ్‌లో వెతకడం దండగ. జర్మన్లయితే ఫిలడెల్ఫియా చూడండి, 1727 నుంచి అక్కడ దిగిన జర్మన్ మగవాళ్ల చేత ఇంగ్లాండు రాజుకి విధేయత ప్రమాణం చేయించి సంతకాలు తీసుకున్నారు. ఆ జాబితాలు మిగిలాయి.

ఎల్లిస్ ఐలాండ్ గుమస్తాలు పేర్లు మార్చేశారు అని ప్రతి ఇంట్లో ఒక కథ ఉంటుంది, అది వట్టి మాట. జాబితా రాసేది ఓడ ఎక్కే రేవులో, ఎల్లిస్ ఐలాండ్‌లో దాన్ని చూసి సరిపోల్చుకునేవారు అంతే. పేర్లు తర్వాత మెల్లగా మారాయి. ముల్లర్ మిల్లర్ అయ్యాడు, వడ్రంగి అనే అర్థం ఉన్న జిమ్మర్‌మన్ అదే అర్థంతో కార్పెంటర్ అయ్యాడు. ఇంకొన్ని రాసేవాడి చెవికి ఎలా వినబడితే అలా. మన పేర్లే ఒక కార్డులో ఒకలా, ఇంకో కార్డులో ఇంకోలా ఉంటాయి కదా. అందుకే స్పెల్లింగ్ పట్టుకుని వేలాడకండి, అనుమానం ఉన్న అక్షరం దగ్గర ప్రశ్న గుర్తు పెట్టి వెతకండి. సౌండెక్స్ అని ఒక పద్ధతి ఉంది, శబ్దాన్ని బట్టి పేరుకి కోడ్ ఇస్తుంది, ముల్లర్‌కీ మిల్లర్‌కీ ఒకటే వస్తుంది, ఎం460.

డచ్ వాళ్లయితే ఇంకో తిప్పలు. భీమిలిలో డచ్ సమాధులు చూసే ఉంటారు, ఆ కాలంలోనే వాళ్లు ఇప్పటి న్యూయార్క్‌లోనూ ఊరు కట్టుకున్నారు. వాళ్లలో చాలామందికి స్థిరమైన ఇంటిపేరు లేదు. యాన్ కొడుకు పీటర్ అయితే పీటర్ యాన్సెన్, అతని కొడుకు హెండ్రిక్ అయితే హెండ్రిక్ పీటర్సెన్. 1664లో ఇంగ్లీషువాళ్లు పట్టుకున్నాక మెల్లగా ఇంటిపేర్లు నిలిచాయి, అది కూడా అన్నదమ్ములు తలో పేరు పెట్టుకుని!

తేదీల దగ్గర కూడా ఆగండి. 1752 దాకా ఇంగ్లీషు కాలనీల్లో కొత్త సంవత్సరం మార్చి 25న, మన ఉగాది రోజుల్లోనే. అందుకే జనవరి నుంచి ఆ రోజు వరకూ ఉన్న తేదీలకి 1731/32 అని రెండు సంవత్సరాలు కనబడతాయి. ఇది తెలియక తల్లి పోయాక బిడ్డ పుట్టినట్టు రాసుకుని ఒక రాత్రంతా టెన్షన్ పడ్డాను.

బతికున్నవాళ్ల పేర్లు, పుట్టిన తేదీలు మాత్రం ఆన్‌లైన్‌లో పెట్టకండి. "మీ ఇంటిపేరు రాజచిహ్నం" అని అమ్మేవాళ్లకి డబ్బులు ఇవ్వకండి, ఇంగ్లాండు పద్ధతిలో చిహ్నం ఒక మనిషికీ అతని వారసులకీ ఇచ్చేది, ఇంటిపేరు మొత్తానికి కాదు. ఈ మాట అల్లుడికి చెప్పేసరికి ఆలస్యమైపోయింది, మిల్లర్ల సింహం బొమ్మ ఉన్న కప్పు అప్పటికే కొనేశాడు. ఇప్పటికీ వీడియో కాల్‌లో అందులోనే కాఫీ తాగుతుంటాడు.