జర్నల్ బేరింగు అరుగుదల పరీక్ష: రిగ్గు (పరీక్ష యంత్రం) ఆన్ చేసే ముందు

☐ వదులు చొక్కా, చున్నీ, మెడలో ట్యాగు తీసేయండి. షాఫ్టుకు గార్డు బిగించాకే మిగతా పని.

☐ బుష్షును (షాఫ్టు చుట్టూ ఉండే బేరింగు గొట్టం) అసిటోన్‌తో కడిగి, పూర్తిగా ఆరాక తూచండి. గ్లోవ్స్ తప్పనిసరి, మిల్లీగ్రాముల్లో కొలిచేటప్పుడు వేలికి అంటిన నూనె కూడా బరువే. నూనె పీల్చుకునే సింటర్డ్ (లోహపు పొడిని అదిమి, కాల్చి చేసిన) బుష్షులను మాత్రం ఇలా తూచి నమ్మొద్దు. రంధ్రాల్లోంచి పోయిన నూనె అరుగుదల లెక్కలో కలిసిపోతుంది. వాటికి లోపలి వ్యాసం కొలవడమే మేలు.

☐ క్లియరెన్సు (షాఫ్టుకూ బుష్షుకూ మధ్య ఖాళీ) సాధారణంగా షాఫ్టు వ్యాసంలో వెయ్యో వంతు. అంటే 50 మి.మీ. షాఫ్టుకు దాదాపు 0.05 మి.మీ. షాఫ్టూ బుష్షూ ఒకే ఉష్ణోగ్రతకు వచ్చాకే కొలవండి.

☐ నూనె డబ్బా మీద 46 అని ఉంటే అది 40 డిగ్రీల దగ్గరి చిక్కదనం. బేరింగు వేడెక్కితే నూనె పలచబడుతుంది కాబట్టి థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) బుష్షుకు వీలైనంత దగ్గరగా ఉండాలి.

☐ నూనె ముందు, తిరగడం తర్వాత, లోడు ఆఖరున. ఆపేటప్పుడు లోడే ముందు దించండి. మొదలయ్యేటప్పుడూ ఆగేటప్పుడూ నూనె పొర నిలవని ఆ కొద్ది సెకన్లలోనే లోహం లోహాన్ని రాస్తుంది. ఎన్నిసార్లు ఆపి నడిపారో రాసిపెట్టండి, నా దృష్టిలో గంటల లెక్క కన్నా ఇదే ముఖ్యం.

☐ తొలి గంటల రన్నింగ్-ఇన్ (కొత్త భాగాలు ఒకదానికొకటి సర్దుకునే దశ) అంకెలు పట్టికలో వేరే కాలమ్‌లో రాయండి. 1953 నాటి ఆర్చర్డ్ సూత్రంలో అరుగుదల లోడుకు, జారిన దూరానికి అనుపాతం. ఆ తొలి అంకెలు కలిపితే బేరింగు ఆయుష్షు అంచనా తప్పుతుంది.

☐ పాత నూనె చుక్క తెల్ల టిష్యూ మీద వేసి చూడండి. వెండి తళుకులు కనిపిస్తే ట్యాంకు కడిగి, ఫిల్టరు మార్చాకే మొదలుపెట్టండి.