వెన్ను ఎక్స్‌రేకు మార్కులు వేయడం: మూడవ పాఠం – 24 మూలలు

గత పాఠంలో మెడ, నడుము ఎక్స్‌రేలను పక్క నుంచి ఎలా తీయించాలో చూశాం. ఈసారి, యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ (వెన్ను కీళ్లు వాచి, పూసల మధ్య ఎముక పెరిగి అతుక్కుపోయే జబ్బు) ఉన్నవారి వెన్నులో ఎముక ఎంత పెరిగిందో అంకెల్లో చెప్పడం నేర్చుకుందాం. క్లినికల్ ట్రయల్స్‌లో దీనికి ఎక్కువగా వాడే కొలత మాడిఫైడ్ స్టోక్ స్కోరు.

ఈ కొలతలో మనం చూసేది వెన్నుపూసల ముందు వైపు మూలలను మాత్రమే. పూసల పేర్లలో సి అంటే మెడ, టి అంటే ఛాతీ, ఎల్ అంటే నడుము, ఎస్ అంటే నడుము కింది త్రికాస్థి; అంకె పై నుంచి వరుస. మెడలో సి-2 కింది మూల నుంచి టి-1 పై మూల వరకు 12, నడుములో టి-12 కింది మూల నుంచి ఎస్-1 పై మూల వరకు 12, మొత్తం 24. మామూలుగా ఉన్న మూలకు 0. కొరికినట్టు అరిగినా, తెల్లగా గట్టిపడినా, లోపలికి వంగి ఉండవలసిన ముందు అంచు చదునై పూస చతురస్రంగా కనబడినా 1. సిండెస్మోఫైట్ (ఈ జబ్బులో పూస మూల నుంచి పెరిగే సన్నని ఎముక మొలక) మొలిస్తే 2. అది పక్క పూసను అందుకుని వంతెన కడితే 3. గరిష్ఠం 72.

మార్కు వేసేవారు ఎక్కువగా తడబడేది 2 దగ్గరే. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి వచ్చి నడుము నొప్పి అని చూపించుకునే పెద్దవారి ఫిల్ముల్లోనూ మూల దగ్గర ముల్లులాంటి ఎముక తరచుగా కనబడుతుంది. నేను నేర్చుకునే రోజుల్లో అలాంటి ఒక ముల్లుకు 2 వేసి, మా గురువుగారు వేలితో దాని దిశను గీసి చూపించాక దిద్దుకున్నాను. వయసుతో వచ్చే ఇలాంటి ఎముక ముల్లు (ఆస్టియోఫైట్) మూలకు కాస్త దూరంలో పుట్టి అడ్డంగా ముందుకు పొడుచుకు వస్తుంది, దాని పక్కన డిస్కు సందు తరచుగా ఇరుకై ఉంటుంది. సిండెస్మోఫైట్ సరిగ్గా మూల దగ్గర సన్నగా మొదలై, డిస్కు అంచు వెంట నిలువుగా సాగుతుంది. మొలక పొడవుకన్నా ముందు దాని దిశ చూడండి.

ఒక ఉదాహరణ. మొదటి ఫిల్ములో ఎల్-2 కింది మూలకు 2, ఎల్-3 పై మూలకు 0. రెండేళ్ల తరువాతి ఫిల్ములో ఆ మొలక ఎల్-3ని తాకి వంతెన అయింది. వంతెనకు రెండు మూలలూ ఆధారం కనుక రెండింటికీ 3 చొప్పున వేయాలి. 2 ఉన్న చోట 6 అయింది, పెరుగుదల 4. రోగుల గుంపు మొత్తం మీద సగటు పెరుగుదల ఏడాదికి దాదాపు ఒక్క పాయింటే ఉంటుందని గుర్తుంచుకుంటే, ఒక్క వంతెనను పొరబడి వేయడం ఎంత బరువైన తప్పో అర్థమవుతుంది. మందు పనిచేసిందా లేదా అన్న తీర్పు ఇంత సన్నని తేడా మీద నిలబడుతుంది కాబట్టే ట్రయల్స్‌లో కనీసం ఇద్దరు, ఎవరికి ఏ మందు ఇచ్చారో, ఏ ఫిల్ము ముందుదో ఏది తరువాతిదో తెలియకుండా, విడివిడిగా మార్కులు వేస్తారు.

కనబడని మూలకు ఊహించి అంకె వేయకండి. మెడ ఫిల్ములో సి-7, టి-1 మూలలను భుజం నీడ తరచుగా కప్పేస్తుంది. అక్కడ 0 రాస్తే ఆరోగ్యంగా ఉన్నట్టు సాక్ష్యం చెప్పినట్టవుతుంది, ఖాళీ ఉంచితే చూడలేకపోయామని నిజం చెప్పినట్టవుతుంది. ఆ ఖాళీలను లెక్కలో ఎలా తీసుకోవాలన్నది ట్రయల్ మొదలుకాక ముందే రాసిపెట్టుకునే నియమం.

అభ్యాసానికి, పేరూ తేదీ కప్పిన ఒక నడుము ఫిల్మును తీసుకుని, పై నుంచి కిందికి 12 మూలలకూ అంకెలు వేసి ఆ పట్టీని మడిచి దాచండి. వారం తరువాత, పాత అంకెలు చూడకుండా, అదే ఫిల్ముకు మళ్లీ వేయండి. రెండు పట్టీలూ తేడా ఉన్నా సరే దిద్దకుండా ఉంచుకోండి, నాలుగవ పాఠం ఆ తేడాను కొలవడంతోనే మొదలవుతుంది.