రోడ్డు సైక్లింగ్ స్వయం శిక్షణ – 6వ పాఠం: ఫినిష్ టైమును విడదీసి చదవడం

గత పాఠంలో పందేనికి ముందు వారం శ్రమ ఎలా తగ్గించుకోవాలో చూశాం. ఈ పాఠం పందెం ముగిశాక చేసే పని గురించి. ఆ సాయంత్రమే వాట్సాప్ గ్రూపులో టైములు వచ్చి పడతాయి: నీకెంత పట్టింది, ఆయనకెంత పట్టింది, వారానికి ఎన్ని కిలోమీటర్లు తొక్కుతాడు. అలా పోల్చుకోవడం మంచిదే. కానీ మొత్తం టైమును మొత్తం టైముతో పోలిస్తే రేపటి శిక్షణకు పనికొచ్చేదేమీ చేతికి రాదు. ముందు దాన్ని ముక్కలు చేయాలి.

ముందు గడియారం సంగతి తేల్చుకోండి

ఒకే పందేనికి మూడు టైములుంటాయి. జెండా ఊపినప్పటి నుంచి లెక్కేసేది గన్ టైము. మీ చిప్‌ను గుర్తించే, స్టార్ట్ గీత మీది మ్యాట్ దాటినప్పటి నుంచి లెక్కేసేది చిప్ టైము. వందలమంది ఉన్న పందెంలో వెనక వరసలో నిలబడితే ఈ రెంటికీ మూడు నాలుగు నిమిషాల తేడా సులభంగా వస్తుంది. మూడోది మీ సైకిల్ కంప్యూటర్‌లోనో స్ట్రావా యాప్‌లోనో కనిపించే మూవింగ్ టైము. నీళ్ల కోసం ఆగిన నిమిషాలు ఇందులో ఉండవు. ఒకరి మూవింగ్ టైమును ఇంకొకరి చిప్ టైముతో పోల్చడమే గ్రూపుల్లో సగం వాదనలకు మూలం. చిప్ టైము, మూవింగ్ టైము రెండూ రాసుకోండి. ఆ రెంటి తేడానే మీరు ఆగిన సమయం. సగటు వేగం మాత్రం ఎవరి జీపీఎస్ దూరంతో వాళ్లు కట్టకుండా, అందరికీ ఒకే దూరం తీసుకుని కట్టాలి.

ఒకే టైము, రెండు వేర్వేరు పందేలు

లెక్క కోసం ఒక ఉదాహరణ. జులైలో అనంతపురం నుంచి 44వ జాతీయ రహదారి మీద గుత్తి వైపు 50 కి.మీ. పోయి, అదే దారిన తిరిగి రావాలి. ఇద్దరికీ చిప్ టైము సరిగ్గా 3 గంటల 50 నిమిషాలు.

మొదటాయన పోయేటప్పుడు 1 గంట 34 నిమిషాలు, వచ్చేటప్పుడు 2 గంటల 12 నిమిషాలు తొక్కాడు. ఆగింది 4 నిమిషాలే. సగటు హార్ట్ రేట్ పోయేటప్పుడు 168, వచ్చేటప్పుడు 157.

రెండో ఆయన పోయేటప్పుడు 1 గంట 40, వచ్చేటప్పుడు 1 గంట 50. ఆగింది 20 నిమిషాలు. అందులో ఒక పంక్చర్ కూడా ఉంది. హార్ట్ రేట్ 152, తర్వాత 156.

వచ్చేటప్పుడు ఇద్దరూ నెమ్మదించారు. అందులో గాలి వాటా ఎంతో ముందు తీసేయాలి. నైరుతి రుతుపవనాల కాలంలో మన దగ్గర గాలి పడమర, నైరుతి నుంచి బలంగా వీస్తుంది. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఈ గాలి కోసమే. గుత్తి వైపు పోయేటప్పుడు అది వెనక ఎడమ పక్క నుంచి తోస్తుంది. తిరిగొచ్చేటప్పుడు ముందు కుడి పక్క నుంచి కొడుతుంది. గంటకు 30 కి.మీ. వేగంతో పోతుంటే ఎదురు నుంచి 15 కి.మీ. గాలి వచ్చిందనుకోండి, ఒంటికి తగిలేది 45 కి.మీ. గాలి. దాని ఒత్తిడి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 2.25 రెట్లవుతుంది. అందుకే ఇలాంటి రోజున వచ్చేటప్పుడు పది నిమిషాలు ఎక్కువ పట్టడం మామూలే. 38 నిమిషాలు ఎక్కువ పట్టిందంటే గాలి ఒక్కటే కారణం కాదు.

అసలు సంగతి హార్ట్ రేట్‌లో ఉంది. ఎండ పెరిగేకొద్దీ, నీళ్లు తగ్గేకొద్దీ అదే శ్రమకు గుండె ఇంకా వేగంగా కొట్టుకోవాలి. రెండో ఆయనకు 4 పెరిగింది, అది సహజం. మొదటాయనకు ఎదురుగాలిలో, ఎండలో 11 తగ్గింది. గుండెకు ఇంకా సత్తువ ఉన్నా కాళ్లు తొక్కలేకపోయాయన్నమాట. థ్రెషోల్డ్ హార్ట్ రేట్ (సుమారు గంట సేపు నిలకడగా నిలవగలిగే గరిష్ఠ శ్రమలో గుండె వేగం) ఇద్దరికీ ఒకటి కాదు. మొదటాయనది 174 అనుకుంటే 168 అంటే 96 శాతం పైనే. ఆ స్థాయిలో గంట, గంటన్నర నిలవొచ్చు. దాదాపు నాలుగు గంటల పందెంలో కండరాల్లో నిల్వ ఉండే ఇంధనం, అంటే గ్లైకోజెన్, ముందే ఖాళీ అవుతుంది. రెండో ఆయన థ్రెషోల్డ్ 168 అయితే 152 అంటే 90 శాతం. ఈ నిడివికి ఆ లెక్క సరిపోతుంది.

మీ థ్రెషోల్డ్ తెలియకపోతే ఇలా కొలవండి. 20 నిమిషాలు వార్మప్ చేసి, సిగ్నళ్లు, స్పీడ్ బ్రేకర్లు లేని రోడ్డు మీద ఒంటరిగా 30 నిమిషాలు నిలకడగా, పూర్తి బలంతో తొక్కండి. చివరి 20 నిమిషాల సగటు హార్ట్ రేటే మీ థ్రెషోల్డ్. మొదటి ఐదు నిమిషాల్లోనే దౌడు తీస్తే చివర్లో చతికిలబడతారు, లెక్క తప్పుగా వస్తుంది.

పోల్చేటప్పుడు గుంపు సంగతి కూడా అడగాలి. ముందువాళ్ల చక్రం వెనక దగ్గరగా పోతే పాతిక శాతం నుంచి మూడో వంతు దాకా శ్రమ మిగులుతుంది. ఎన్ని కిలోమీటర్లు గుంపులో పోయారు, ఎన్ని ఒంటరిగా తొక్కారు అన్నది తెలియకుండా సగటు వేగాలు పోల్చొద్దు. ఇక లారీ వెనక దూరి తొక్కిన కిలోమీటర్లు లెక్కలోకే రావు. ఆ పని పందెంలోనూ, శిక్షణలోనూ ఎప్పుడూ చేయకండి: లారీ బ్రేకు వేస్తే మీకు కనపడేది దాని వెనక డాలా మాత్రమే.

ఘాట్ ఉంటే లెక్క తేలిక

కడప–రాయచోటి రోడ్డులో గువ్వలచెరువు ఘాట్ లాంటి ఎత్తు దారిలో ఉంటే, ఆ ముక్క టైము మిగతా అన్నిటికన్నా నమ్మదగింది. వేగం తక్కువ కాబట్టి గాలి ప్రభావమూ, గుంపు సాయమూ తగ్గిపోతాయి. ఎక్కిన ఎత్తును (మీటర్లలో) పట్టిన గంటలతో భాగించండి. 4 కి.మీ.లో 200 మీటర్లు 15 నిమిషాల్లో ఎక్కితే గంటకు 800 మీటర్లు. 75 కిలోల మనిషి, 10 కిలోల సైకిల్, సీసాలు కలిపి ఆ ఎత్తుకు చేరడానికే సుమారు 185 వాట్లు కావాలి. టైరు రాపిడి, గాలి కలుపుకుంటే 220 వాట్ల దాకా, అంటే కిలో ఒంటి బరువుకు 2.9 వాట్లు. పవర్ మీటర్ (తొక్కే బలాన్ని వాట్లలో కొలిచే పరికరం) లేనివాళ్లకు ఇది చక్కటి ప్రత్యామ్నాయం.

ఆగిన నిమిషాలు

రెండో ఆయన ఆగిన 20 నిమిషాలను తక్కువగా చూడొద్దు. శిక్షణతో 10 నిమిషాలు తగ్గించడానికి నెలలు పడుతుంది. ఇక్కడ రెండు ఆదివారాల సాధన చాలు. మన రోడ్ల అంచున పంక్చర్‌కు ఎక్కువగా కారణమయ్యేది సర్కారు తుమ్మ ముల్లు. ట్యూబ్ మార్చిన పది నిమిషాలకే మళ్లీ గాలి పోయిందంటే ముల్లు టైరులోనే ఉండిపోయిందని అర్థం. బయటికి నల్లటి చుక్కలా కనపడుతుంది, మొన మాత్రం లోపల అర మిల్లీమీటరు పొడుచుకుని ఉంటుంది. టైరు ఎక్కించినప్పుడు దాని మీది అక్షరాలను వాల్వుకు ఎదురుగా పెట్టి ఉంటే, పాత ట్యూబ్‌ను అలాగే పరిచి చూడండి; రంధ్రం ఎక్కడుందో టైరులో ముల్లూ అక్కడే ఉంటుంది. లోపలి వైపు దూది ముక్కతో మెల్లగా తుడిస్తే దారాలు ముల్లుకు తగులుకుంటాయి. వేలితో వెతికితే వేలు తెగుతుంది. వెనక చక్రం తీసేముందు గొలుసును అన్నిటికన్నా చిన్న పళ్లచక్రం మీదికి దించండి. ఇంట్లో సాధన చేస్తే మొత్తం పని ఆరేడు నిమిషాల్లో అయిపోతుంది.

ఇప్పుడు శిక్షణలు పోల్చండి

కిలోమీటర్లు వద్దు, గంటలు రాయండి. పందేనికి ముందు ఆరు వారాలవి చాలు. మొదటాయన వారానికి 9 గంటలు, కానీ ఏ రోజూ రెండున్నర గంటలు దాటలేదు, అన్నీ గుంపుతో వేగంగా తొక్కినవే. రెండో ఆయన 7 గంటలే, కానీ ఆదివారం మూడున్నర గంటలు మాట్లాడుకోగలిగే వేగంతో తొక్కాడు. బుధవారం 20 నిమిషాల చొప్పున రెండు సార్లు థ్రెషోల్డ్‌కు కాస్త కింద తొక్కాడు. మొదటాయన ఎక్కువ కష్టపడ్డాడు, కానీ ఆయన ఒళ్లు మూడో గంట పూర్తవడం ఎప్పుడూ చూడలేదు. ఆయన ఆదివారం సవారీని 2.30, 3.00, 3.30 గంటలుగా పెంచి, నాలుగో వారం మళ్లీ 2.30కి దించాలి. చివరి 45 నిమిషాలు మాత్రమే పందెం శ్రమలో తొక్కాలి. గంటకు 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోవాలి. 30 గ్రాముల బొరుగుల ఉండ ఒకటి తింటే దాదాపు 25 గ్రాములు వస్తాయి. శనక్కాయ చిక్కీలో కొవ్వెక్కువ, సవారీలో అది నెమ్మదిగా అరుగుతుంది.

వచ్చే పాఠానికి అభ్యాసం

సూర్యోదయానికి ముందు, గాలి లేని రోజున, ఒకే సమతల రోడ్డు మీద రెండు గంటలు ఒకే శ్రమతో తొక్కండి. ప్రతి గంటకూ సగటు వేగాన్ని సగటు హార్ట్ రేట్‌తో భాగించండి. మొదటి గంట 26.4 కి.మీ., 140; రెండో గంట 25.8 కి.మీ., 146 అనుకోండి: 0.1886 నుంచి 0.1767కి, అంటే 6.3 శాతం పడింది. 5 శాతం లోపు ఉంటే రెండో ఆయన చేసిన బుధవారం సాధన మొదలుపెట్టండి. దాటితే ఇంకో నాలుగు వారాలు సుదీర్ఘ సవారీలే చేయండి. సవారీకి ముందు, తర్వాత తుడుచుకుని బరువు చూసుకోండి. తగ్గిన కిలోకు తాగిన లీటర్లు కలిపి రాసి పెట్టుకోండి. నీళ్లు, ఉప్పు లెక్కలకు ఆ అంకె వచ్చే పాఠంలో కావాలి.