నీటి సరఫరాను ప్రైవేటుకిస్తామంటూ ప్రతిపాదన వస్తే: సంతకానికి ముందు తేల్చుకోవాల్సిన లెక్కలు, షరతులు

ఊరి నీటి సరఫరాను కంపెనీకి అప్పగిద్దామన్న మాట వచ్చిందంటే సభ రెండుగా చీలుతుంది. నీళ్లు అమ్ముకునే సరుకు కాదని ఒకరు, ఇప్పుడు నడుపుతున్నవాళ్లు సరిగ్గా ఇస్తే ఈ గొడవెందుకని మరొకరు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. తాగునీరు మానవ హక్కని 2010 జులై 28న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ తీర్మానించింది. అనుకూలంగా 122 ఓట్లు పడ్డాయి, వ్యతిరేకంగా ఒక్కటీ పడలేదు. అయితే పంపు ఎవరు నడపాలో ఆ తీర్మానం చెప్పదు. అది మీరే తేల్చుకోవాలి, దానికి కాగితం, పెన్ను కావాలి, ఒక రాత్రి నిద్ర మానుకోవాలి.

ముందు ముక్కలు చేయండి

కాగితం మీద ఏడు వరసలు గీయండి: నీటి వనరు, శుద్ధి కేంద్రం, పైపులూ ట్యాంకులూ, రోజువారీ నిర్వహణ, పెట్టుబడి, ధర నిర్ణయం, రికార్డులు. ఒక్కోదాని ఎదురుగా ఇప్పుడు ఎవరిది, ఒప్పందం తర్వాత ఎవరిది అని రెండు గళ్లు నింపండి. ‘ప్రైవేటీకరణ’ అన్న ఒక్క మాట కింద ఎన్ని రకాలున్నాయో అప్పుడు కనిపిస్తుంది. మీటర్ల రీడింగు మాత్రమే బయటివాళ్లకిస్తే అది ఏడాది నుంచి మూడేళ్ల పని. యాజమాన్యం మీ దగ్గరే ఉంచుకుని నడపడం ఒక్కటే ఇస్తే మూడు నుంచి ఐదేళ్లు. పెట్టుబడి కూడా కంపెనీయే పెట్టే కన్సెషన్ అయితే మామూలుగా 20 నుంచి 30 ఏళ్లు. పూర్తిగా అమ్మేస్తే గడువే ఉండదు. ఇంగ్లండ్, వేల్స్ 1989లో చేసింది ఈ చివరిదే. అమ్మకం నాడు పాత అప్పులు రద్దు చేసి కంపెనీలను కొన్నవాళ్ల చేతిలో పెట్టారు. ఇప్పుడు వాటి మొత్తం అప్పు 60 బిలియన్ పౌండ్లు దాటింది.

ఏడింటిలో మూడు మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయి జారనివ్వకండి: వనరు, ధర నిర్ణయం, రికార్డులు. పంపు నడిపేవాణ్ని మార్చుకోవచ్చు, వనరు పోతే తిరిగి తెచ్చుకోలేరు. చిలీ 1981 చట్టంతో నీటి వాడకపు హక్కును భూమి నుంచి విడదీసి, శాశ్వతంగా, అమ్ముకోవడానికి వీలుగా ఇచ్చింది. కొత్త హక్కులకు 30 ఏళ్ల గడువు పెట్టడానికి 2022 దాకా పట్టింది.

ఒక రాత్రి మేలుకోండి

ప్రతిపాదనలో ‘40 శాతం నీరు వృథా’ అని ఉంటుంది. ఆ ఒక్క అంకె చూసి ఏదీ నిర్ణయించకండి, అందులో రెండు వేర్వేరు జబ్బులు కలిసి ఉన్నాయి. పైపు కారి నేలపాలయ్యే నీరు ఒకటి. ఇంటికి చేరి కూడా బిల్లులోకి రాని నీరు రెండోది: అరిగిన మీటర్లు, దొంగ కనెక్షన్లు, బిల్లు వేయని ఆఫీసులు.

రెండూ విడదీసే పద్ధతి తేలికే. రాత్రి 2 నుంచి 4 గంటల మధ్య జనం నిద్రలో ఉంటారు కాబట్టి అప్పుడు ట్యాంకు నుంచి దిగే నీటిలో ఎక్కువ భాగం లీకే. ట్యాంకులోకి వచ్చే వాల్వు పూర్తిగా కట్టేయండి. కొలతలు గుర్తుపెట్టిన తాడుకు బరువు కట్టి నీటిమట్టం చూసి రాసుకోండి. సరిగ్గా గంట తర్వాత మళ్లీ చూడండి. 10 మీటర్ల వ్యాసమున్న గుండ్రటి ట్యాంకులో మట్టం ఒక్క సెంటీమీటరు దిగితే 785 లీటర్లు పోయినట్టు. పైపు మీద మీటరున్నా ఈ తాడు కొలత వదలొద్దు. మీటరు సరిగ్గా తిరుగుతోందో లేదో కూడా దీనితోనే బయటపడుతుంది.

ఇక్కడ చాలామంది బోల్తా పడే చోటు ఒకటుంది. రోజుకు రెండు గంటలే నీళ్లొచ్చే ఊళ్లో ఇంటింటికీ సంపులుంటాయి, రాత్రి నీళ్లు వదలగానే అవి నిండుతాయి, మీరు దాన్ని లీకనుకుంటారు. అలాంటి చోట ఒక వార్డును మిగతా ఊరి నుంచి వాల్వులతో విడగొట్టి, రెండు మూడు రోజులు ఆపకుండా నీళ్లిచ్చి, సంపులన్నీ నిండాక కొలవండి. సరిహద్దు వాల్వు నిజంగా మూసుకుందో లేదో రాడ్డు ఆనించి చెవి పెట్టి వినండి. లోపల సన్నగా బుస వినిపిస్తే నీరు దాటుతున్నట్టే, ఆ కొలత పనికిరాదు.

ఒక ఉదాహరణ. 10,000 కనెక్షన్లు, రోజుకు 10,000 కిలోలీటర్ల సరఫరా, బిల్లయ్యేది 6,000. తేడా 4,000. రాత్రి గంటకు 120 కిలోలీటర్లు దిగుతోంది. మేలుకున్నవాళ్ల వాడకం కింద కనెక్షనుకు గంటకు 2 లీటర్లు తీసేస్తే 20 పోయి 100 మిగులుతుంది. పగలు వాడకంతో ఒత్తిడి తగ్గి లీకు కూడా కొంత తగ్గుతుంది కాబట్టి 24తో కాకుండా, సుమారుగా 20తో గుణించండి. లీకు 2,000. మిగతా 2,000 బిల్లులోకి రానిది. అంటే సగం పైపుల జబ్బు, సగం ఆఫీసు జబ్బు.

ఈ విడదీత ఎందుకంటే, వసూళ్లలో వాటా తీసుకునే కంపెనీ ముందు మీటర్లే మారుస్తుంది. రోడ్డు తవ్వే పని ఎప్పటికీ ‘వచ్చే ఏడాది’లోనే ఉంటుంది. అందులో మోసమేమీ లేదు, మీరు దేనికి డబ్బిస్తే వాళ్లు అదే చేస్తారు. కాబట్టి లక్ష్యం శాతాల్లో రాయొద్దు. సరఫరా పెంచితే లీకు ఒక్క చుక్క తగ్గకపోయినా శాతం తగ్గుతుంది. కనెక్షనుకు రోజుకు ఇన్ని లీటర్ల లీకు అని రాయండి (పై ఊళ్లో అది 200). పక్కనే సరఫరా గంటలు, చివరి ఇంటి దగ్గర ఒత్తిడి కూడా రాయాలి. లేకపోతే నీళ్లిచ్చే గంటలు కోసేసి లీకు తగ్గించామంటారు.

ఈ పని కంపెనీలే చేయగలవన్నది మాత్రం అబద్ధం. కంబోడియా రాజధాని నోంపెన్‌లో 1993లో లెక్కకు రాని నీరు 72 శాతం. అక్కడి ప్రభుత్వ నీటి సంస్థ దాన్ని 2008కల్లా 6 శాతం దగ్గరికి తెచ్చింది. ప్రభుత్వ సంస్థ అయినంత మాత్రాన అది దానంతట జరగదన్నది కూడా అంతే నిజం.

వడ్డీ లెక్క

‘మీ దగ్గర డబ్బు లేదు, మేం పెడతాం’ అంటారు. పెట్టిన డబ్బు చివరికి వచ్చేది మీ బిల్లు నుంచే. 100 కోట్లు తెచ్చి 30 ఏళ్లలో సమాన వాయిదాల్లో తీర్చాలంటే, వడ్డీ 4 శాతమైతే ఏటా 5.78 కోట్లు, 10 శాతమైతే 10.61 కోట్లు. ప్రభుత్వానికి సాధారణంగా చవగ్గా అప్పు పుడుతుంది. కంపెనీకి వడ్డీతోపాటు లాభం కూడా కావాలి. ఆ తేడాను ఏ ఆదాతో పూడుస్తారో అంశాలవారీగా రాసిమ్మనండి: కరెంటులో ఎంత, లీకుల్లో ఎంత, సిబ్బందిలో ఎంత. ‘సమర్థత’ అన్న మాటతో సరిపెడితే ఒప్పుకోవద్దు.

ఒప్పందంలో వేలు పెట్టి చదవాల్సిన చోట్లు

లాభానికి హామీ: కంపెనీకి ఇంత శాతం రాబడి ఖాయమని ఎక్కడైనా ఉంటే అక్కడే ఆగండి. రాబడికి హామీ ఉన్నవాడికి లీకు ఆపాల్సిన తొందర ఏముంటుంది? బొలీవియాలోని కొచబాంబాలో 1999లో 40 ఏళ్లకు కుదిరిన ఒప్పందంలో 15 శాతానికి తగ్గని రాబడి రాశారు. బిల్లులు ఒక్కసారిగా పెరిగాయి, జనం వీధుల్లోకి వచ్చారు, 2000 ఏప్రిల్‌లో ఒప్పందం రద్దయింది. సరఫరా తిరిగి ప్రభుత్వ సంస్థకే వచ్చింది గానీ, నీరందని పేటలకు ఆ తర్వాత కూడా చాలాకాలం అందలేదు.

ఏకఛత్రాధికారం: ‘ఈ పరిధిలో నీరిచ్చే హక్కు కంపెనీకి మాత్రమే’ అన్న వాక్యం చూడ్డానికి మామూలుగానే ఉంటుంది. సొంత బోర్లు, కాలనీవాళ్లు కలిసి తవ్వుకున్న బావులు దాని కిందికి వస్తాయా అని అడిగి, రావని రాయించండి. కొచబాంబాలో చిన్న నీటి సహకార సంఘాలు భగ్గుమన్నది ఇందుకే.

విదేశీ మారకం: అప్పు డాలర్లలో, బిల్లులు స్థానిక డబ్బులో ఉంటే మారకం రేటు దెబ్బ ఎవరి నెత్తిన పడుతుందో రాసి ఉండాలి. 1997లో ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాను రెండు భాగాలు చేసి నీటి సరఫరాను రెండు కంపెనీలకు ఇచ్చినప్పుడు, ప్రభుత్వ నీటి సంస్థ పాత డాలరు అప్పులో 90 శాతం పడమటి భాగానికి వేశారు. అదే ఏడాది ఆసియా ఆర్థిక సంక్షోభంలో అక్కడి డబ్బు పెసో విలువ కూలింది. పడమటి కంపెనీ ఆ బరువు మోయలేక చతికిలబడింది. ఆ దెబ్బలో పెద్ద భాగం ఈ ఒక్క షరతు వల్లే వచ్చింది.

గోప్యత: వాణిజ్య రహస్యమంటూ ఏ పేజీ దాచినా సంతకం వద్దు. బెర్లిన్ 1999లో నీటి సంస్థలో 49.9 శాతం అమ్మింది. ఒప్పందం బయటపెట్టాలంటూ 2011లో జనమే నేరుగా ఓటేసే రెఫరెండంతో నిలదీశారు, 2013కల్లా వాటాలన్నీ నగరమే తిరిగి కొనుక్కుంది.

పేదింటి బిల్లు

ప్రాథమిక అవసరాలకు మనిషికి రోజుకు 50 నుంచి 100 లీటర్లు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఐదుగురున్న ఇంటికి 50 చొప్పున వేసినా నెలకు 7.5 కిలోలీటర్లు. మొదటి శ్లాబు దీనికి తగ్గితే చవక ధర కాగితం మీదే మిగులుతుంది. నాలుగు కుటుంబాలు ఒకే కుళాయి వాడితే మీటరు 30 చూపించి నేరుగా పై శ్లాబులోకి వెళ్తుంది. అంటే అందరికన్నా పేదవాళ్లే అందరికన్నా ఎక్కువ రేటు కడతారు. శ్లాబు కనెక్షనుకు కాకుండా కుటుంబాల సంఖ్యకు ముడిపెట్టమనండి. స్థిర ఛార్జీ కూడా చూడండి, అది పెద్దదైతే తక్కువ వాడినవాడికే లీటరు ఎక్కువ పడుతుంది. నీళ్లు ఆగి ఆగి వచ్చే చోట పైపులో గాలి తోసుకొచ్చి మీటరు తిప్పుతుంది. గాలి వాల్వులు పెట్టే బాధ్యత ఎవరిదో కూడా రాయాలి.

ప్రభుత్వం దగ్గరే ఉంచుకుంటే

ఇవే కొలతలు, ఇవే బహిరంగ లెక్కలు సొంత సంస్థనూ అడగండి. నడిపేదీ ధర నిర్ణయించేదీ ఫిర్యాదు వినేదీ ఒకే ఆఫీసైతే కంచే చేను మేస్తుంది. నీటి ఖాతా మునిసిపాలిటీ మిగతా ఖర్చుల్లో కలవకుండా వేరుగా ఉండాలి. పారిస్ 2010 జనవరిలో సరఫరాను కంపెనీల నుంచి వెనక్కి తీసుకుని, 2011లో ధర 8 శాతం తగ్గించగలిగింది. తిరిగి తీసుకునే ఊరు ఏదైనా మీటర్ల డేటా, పైపుల మ్యాపులు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ముందుగా చేతికి తెచ్చుకోవాలి. అవి కంపెనీ దగ్గరే ఉండిపోతే మొదటి నెల బిల్లే వేయలేరు.

కంపెనీకే ఇస్తే మాత్రం, అప్పగించే రోజే ప్రతి పంపు, వాల్వు, పైపు భాగానికి వయసు, స్థితి రాసి ఇరుపక్షాలూ సంతకాలు పెట్టాలి. గడువు దగ్గరపడ్డాక మార్చాల్సిన పైపును ఎవరూ మార్చరు. అందుకే గడువు ముగియడానికి మూడేళ్ల ముందు మళ్లీ ఇదే తనిఖీ జరగాలనీ, తేలిన మరమ్మతుల ఖర్చుకు సమానమైన బ్యాంకు గ్యారంటీ పని పూర్తయ్యేదాకా మీ దగ్గరే ఉండాలనీ మొదటి రోజే రాయించుకోండి.