కొలెస్ట్రాల్ టాబ్లెట్‌ను ప్రమాదం లేకుండా వాడటం ఎలా?

కొలెస్ట్రాల్‌కి టాబ్లెట్ మొదలుపెట్టినవాళ్లలో చాలామంది ఏడాది తిరక్కుండానే మానేస్తారు. రిపోర్టు నార్మల్ వచ్చేసిందని ఒకరు, పిక్కలు లాగుతున్నాయని ఒకరు, దీనివల్ల సుగర్ వస్తుందట అని ఎవరో అన్నారని ఇంకొకరు. డాక్టరుకి చెప్పి మానేవాళ్లు తక్కువ. మరోపక్క ఒకే మందును రెండు పేర్లతో రోజూ రెండుసార్లు వేసుకుంటూ, ఆ సంగతే తెలియనివాళ్లూ ఉన్నారు. రెండూ ప్రమాదమే. రెండూ తేలిగ్గా తప్పించుకోగలిగినవే. విశాఖలో ఉండేవాళ్ల పనివేళలు, తిండి, ఉక్కపోత అన్నీ దృష్టిలో పెట్టుకుని, ఈ మందు ఎలా వాడాలో వరసగా చెబుతాను.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా స్టాటిన్ల గురించి. మన దగ్గర డాక్టర్లు ఎక్కువగా రాసేవి అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్. 1970లలో జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో ఒక రకం బూజులో ఈ తరహా మందును మొదటిసారి కనిపెట్టారు. 1987లో అమెరికాలో లోవాస్టాటిన్‌కి అనుమతి వచ్చింది. కొలెస్ట్రాల్ తయారు కావడానికి లివర్‌లో ఒక ఎంజైము కావాలి. స్టాటిన్ దాన్ని అడ్డుకుంటుంది. తయారీ తగ్గేసరికి లివర్ తనకి కావలసింది రక్తంలోంచి తీసుకుంటుంది, దాంతో రక్తంలో ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, తగ్గుతుంది. మందు వేసుకుంటున్నన్నాళ్లే ఈ పని జరుగుతుంది. మానేస్తే కొన్ని వారాల్లోనే అంకె మళ్లీ పాత చోటికి వచ్చేస్తుంది.

1. స్ట్రిప్ మీద అసలు మందు పేరు చదవండి

అన్నిటికంటే ముందు చేయాల్సింది ఇదే. "బాబూ, అదే, గుండె బిళ్ల ఇవ్వు" అని అడిగితే షాపతను ఏదో ఒకటి ఇస్తాడు, కానీ మీరు వేసుకుంటున్నదేమిటో మీకు తెలియాలి. స్ట్రిప్‌ని వెనక్కి తిప్పి చూడండి. దాని మీద రెండు పేర్లు ఉంటాయి. ఒకటి కంపెనీ పెట్టుకున్న పేరు. రెండోది అసలు మందు పేరు, "అటోర్వాస్టాటిన్ టాబ్లెట్స్" అని, పక్కనే 10, 20, 40 అని మిల్లీగ్రాముల లెక్క ఉంటుంది. మీకు కావలసింది ఆ రెండో పేరే. కళ్లకి ఆనకపోతే ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. ఆ ఫొటో ఫోన్‌లోనే ఉంచుకోండి, తర్వాత ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా పనికొస్తుంది.

పొరపాటు ఎక్కువగా జరిగేది కాంబినేషన్ మందుల దగ్గర. ఉదాహరణకి ఎకోస్ప్రిన్ ఏవీ 75/20 అనే క్యాప్సూల్ తీసుకోండి. అందులో 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్‌తో పాటు 20 మిల్లీగ్రాముల అటోర్వాస్టాటిన్ కూడా ఉంటుంది. "ఇది రక్తం పలచబడటానికి" అని మాత్రమే తెలిసినవాళ్లు, ఇంకో డాక్టరు రాసిన అటోర్వాస్టాటిన్ 20ని కూడా వేసుకుంటూ ఉంటారు. అప్పుడు ఒంట్లోకి వెళ్లేది 40. డాక్టరు కావాలని 40 ఇస్తే అది వేరే సంగతి, ఎవరికీ తెలియకుండా 40 వెళ్లడం వేరు. అందుకే గుండెకి ఒకరు, సుగర్‌కి ఒకరు ఇద్దరు డాక్టర్లకి చూపించుకునేవాళ్లు స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసి ఇద్దరి ముందూ పెట్టాలి. చీటీలు చూపించడం కంటే ఇదే మేలు.

జన ఔషధి కేంద్రంలో కొన్నప్పుడు టాబ్లెట్ రంగు, ఆకారం మారినా కంగారు పడకండి. మందు పేరు, మిల్లీగ్రాములు కలిస్తే చాలు. పాత కంపెనీ స్ట్రిప్ ఇంట్లో మిగిలిపోతే మాత్రం రెండూ కలిపి వేసుకోకండి.

2. మొదటి టాబ్లెట్‌కి ముందే చెప్పాల్సినవి చెప్పేయండి

లివర్ జబ్బు, కిడ్నీ జబ్బు, తాగుడు అలవాటు, గతంలో ఏదైనా టాబ్లెట్‌తో కండరాల నొప్పులు వచ్చిన సంగతి, ఏదీ దాచకండి. థైరాయిడ్ సంగతి తప్పకుండా చెప్పండి. థైరాయిడ్ తక్కువగా ఉండి దానికి మందు వాడకపోతే కొలెస్ట్రాల్ దానంతటదే పెరుగుతుంది, స్టాటిన్‌తో కండరాల ఇబ్బందీ ఎక్కువవుతుంది. ఒక్క టీఎస్‌హెచ్ పరీక్షతో తేలిపోయే విషయం. లిపిడ్ ప్రొఫైల్ అనే కొలెస్ట్రాల్ పరీక్షతో పాటు లివర్ పరీక్ష, సుగర్ కూడా మొదట్లోనే చేయించుకుంటే తర్వాత పోల్చుకోవడానికి ఉంటుంది.

రోసువాస్టాటిన్ విషయంలో ఇంకో సంగతి ఉంది. ఆసియావాళ్ల రక్తంలో, భారతీయులతో సహా, ఈ మందు మోతాదుకి మించి పేరుకునే అవకాశం ఉంది కాబట్టి 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టే విషయం ఆలోచించాలని అమెరికాలో ఈ మందుతో వచ్చే సమాచార పత్రమే చెబుతుంది. గుండెపోటు వచ్చినవాళ్లకి డాక్టరు ఎక్కువ డోసు రాస్తే దానికి కారణం ఉంటుంది. అక్కడి బంధువులు వాడే డోసు చూసి మనంతట మనం పెంచుకోవడం మాత్రం పనికిరాదు.

గర్భం కోసం ప్రయత్నిస్తున్నా, గర్భం నిలిచినా వెంటనే డాక్టరుకి చెప్పాలి. చాలామంది విషయంలో ఆపమనే అంటారు. పాలిచ్చే తల్లులకి కూడా ఈ మందు ఇవ్వరు.

3. మీ రోజుకి కుదిరే వేళ పెట్టుకోండి

"కొలెస్ట్రాల్ బిళ్ల రాత్రే వేసుకోవాలి" అన్న మాట అందరూ వినే ఉంటారు. సిమ్వాస్టాటిన్ లాంటి పాత మందులకి అది నిజం. లివర్ కొలెస్ట్రాల్‌ని ఎక్కువగా రాత్రిపూట తయారుచేస్తుంది, ఆ మందులు ఒంట్లో ఎక్కువసేపు నిలవవు. అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ చాలా గంటలు నిలుస్తాయి. అందుకని పొద్దున వేసుకున్నా, రాత్రి వేసుకున్నా, తిన్నాక అయినా, తినకముందు అయినా ఇబ్బంది లేదు. రోజూ ఒకే వేళకి వేసుకుంటే చాలు.

స్టీల్‌ప్లాంట్‌లోనో పోర్టులోనో షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకి ఇది బాగా పనికొచ్చే సంగతి. నైట్ షిఫ్టు వారంలో "పడుకునే ముందు" అన్న మాట అర్థం మారిపోయి టాబ్లెట్ తప్పిపోతూ ఉంటుంది. ఏ షిఫ్టు అయినా మారని పని ఒకటి చూసుకుని, ఇంట్లో తినే పెద్ద భోజనమో మరొకటో, దానికి టాబ్లెట్‌ని ముడిపెట్టండి.

ఒకరోజు మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. తర్వాతి టాబ్లెట్‌కి పన్నెండు గంటలు కూడా లేకపోతే ఆ పూట వదిలేసి మామూలు వేళకి వేసుకోండి. నిన్నటిదీ ఇవాళ్టిదీ కలిపి రెండు మాత్రం ఎప్పుడూ వేసుకోవద్దు.

4. వేరే మందు ఏది రాసినా ఈ పేరు చెప్పండి

మన ఊరి ఉక్కకి తామర చాలామందికి పట్టుకుంటుంది, ఒకపట్టాన వదలదు. దానికి వారాల తరబడి వాడే ఇట్రాకొనజోల్ క్యాప్సూల్స్‌ని చాలామంది చీటీ లేకుండానే షాపులో కొనేస్తారు. ఈ మందు సిమ్వాస్టాటిన్‌తో అసలు కలవకూడదు. అటోర్వాస్టాటిన్‌తో కలిస్తే దాని మోతాదు రక్తంలో బాగా పెరిగిపోయి కండరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్స్‌తోనూ అంతే. చర్మం డాక్టరుకి కొలెస్ట్రాల్ మందు గురించి చెప్పడమెందుకని అనుకోవద్దు, అక్కడే చెప్పాలి. ఆ కోర్సు అయ్యేదాకా స్టాటిన్ ఆపమంటారో, డోసు తగ్గిస్తారో, వేరే మందు రాస్తారో వాళ్లు చూసుకుంటారు.

బీపీకి వాడే డిల్టియాజెమ్, వెరాపమిల్, గౌట్‌కి వాడే కోల్చిసిన్, ట్రైగ్లిజరైడ్స్‌కి ఇచ్చే జెమ్‌ఫిబ్రోజిల్ కూడా ఈ జాబితాలోవే. గ్యాస్ పట్టినప్పుడు తాగే డైజీన్ లాంటి సిరప్పులకీ రోసువాస్టాటిన్‌కీ మధ్య రెండు గంటల ఎడం ఉండాలి. కొలెస్ట్రాల్ తగ్గిస్తుందని అమ్మే రెడ్ ఈస్ట్ రైస్‌లో ఉండేది సహజంగా తయారైన లోవాస్టాటినే. మందుతో పాటు దాన్నీ వాడితే డబుల్ డోసు పడినట్టే.

పళ్ల విషయానికొస్తే, వద్దని అన్ని దేశాల్లో చెప్పేది గ్రేప్‌ఫ్రూట్. మనకి అది అరుదు. కానీ దాని దగ్గరి చుట్టం పంపర పనస వర్షాకాలం చివర్లో మార్కెట్లలో కనిపిస్తుంది. అటోర్వాస్టాటిన్, సిమ్వాస్టాటిన్ వాడేవాళ్లు దాన్ని పక్కన పెట్టడమే క్షేమం. బత్తాయి, కమలా నిశ్చింతగా తినండి.

5. నొప్పి వస్తే కొలతేసి చూడండి, భయపడి మానేయకండి

స్టాటిన్ వల్ల కండరాల నొప్పులు వస్తాయన్నది నిజం. వచ్చిన ప్రతి నొప్పీ దానివల్లే అనుకోవడం మాత్రం నిజం కాదు. బ్రిటన్‌లో 2020లో వెలువడిన సామ్సన్ అనే పరీక్షలో, ఇబ్బందులు వచ్చి స్టాటిన్ మానేసినవాళ్లకే కొన్ని నెలలు అసలు మందు, కొన్ని నెలలు మందు లేని ఉత్త మాత్ర, ఏది ఏదో చెప్పకుండా ఇచ్చారు. అసలు మందుతో వచ్చిన ఇబ్బందిలో 90 శాతం ఉత్త మాత్రతోనూ వచ్చింది. నొప్పి అబద్ధమని కాదు దీనర్థం, కారణం వేరే అయి ఉండొచ్చని.

మందువల్ల వచ్చే నొప్పి సాధారణంగా రెండు వైపులా ఉంటుంది. తొడలు, పిరుదులు, పిక్కలు, భుజాలు లాంటి పెద్ద కండరాల్లో, మందు మొదలుపెట్టిన లేదా డోసు పెంచిన కొన్ని వారాల్లో కనిపిస్తుంది. ఒక్క మోకాలే నొప్పిగా ఉంటే అది కీలు సంగతి కావచ్చు.

ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణకి వెళ్లొచ్చిన వాళ్లని తీసుకోండి. 32 కిలోమీటర్లు నడిచాక రెండు మూడు రోజులు తొడలు పట్టేయడం ఎవరికైనా మామూలే. ఆ నొప్పులు చూసి టాబ్లెట్ మానేయనక్కర్లేదు. అంతేకాదు, ఆ వారంలో కండరాలు దెబ్బతిన్నాయేమో చూసే సీపీకే రక్తపరీక్ష చేయిస్తే నడక వల్లే అంకె పెరిగి కనిపిస్తుంది, లేనిపోని టెన్షన్. నాలుగైదు రోజులు విశ్రాంతి తీసుకున్నాక కూడా నొప్పి అలాగే ఉంటే అప్పుడు వెళ్లండి. అంత దూరం నడిచేటప్పుడు నీళ్లు మాత్రం తగ్గించకండి.

ఆలస్యం చేయకూడని లక్షణాలు వేరే ఉన్నాయి. కండరాలు తట్టుకోలేనంత నొప్పి, మెట్లెక్కలేనంత, చెయ్యి పైకెత్తలేనంత నీరసం, మూత్రం కోకోకోలా రంగులో రావడం. ఇది కండరం కరిగి కిడ్నీల మీద పడే స్థితి. చాలా అరుదు, కానీ వస్తే గంటలు కూడా వృథా చేయకూడదు. టాబ్లెట్ వెంటనే ఆపి, ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌కో దగ్గర్లో ఎమర్జెన్సీ ఉన్న ఆసుపత్రికో వెళ్లండి. కళ్లు పచ్చబడినా, ముఖం, పెదాలు వాచినా అదే రోజు డాక్టరుకి చూపించుకోండి.

సుగర్ భయం గురించి కూడా చెప్పాలి. అప్పటికే అంచు మీద ఉన్నవాళ్లకి స్టాటిన్‌తో సుగర్ కాస్త పెరగవచ్చు. గుండెకి జరిగే మేలు అంతకంటే చాలా పెద్దది కాబట్టే సుగర్ ఉన్నవాళ్లకి కూడా ఇదే మందు రాస్తున్నారు. మూడు నెలల సగటు సుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చూసుకుంటూ వాడటమే దారి.

6. పరీక్షలు ఎప్పుడు?

మొదలుపెట్టాకో డోసు మార్చాకో 4 నుంచి 12 వారాల్లో ఒకసారి లిపిడ్ ప్రొఫైల్, ఆ తర్వాత డాక్టరు చెప్పినట్టు 3 నుంచి 12 నెలలకోసారి. గుండెపోటు వచ్చినవాళ్లకి ఎల్‌డీఎల్ 70 కంటే తక్కువ, చాలామందికి 55 కంటే తక్కువ ఉండాలంటారు. ల్యాబ్ కాగితం మీద "నార్మల్" అని అచ్చయిన అంకె మీ లక్ష్యం కాకపోవచ్చు. మీ లక్ష్యం ఎంతో డాక్టరుని అడిగి ఫైలు మీద రాయించుకోండి.

7. చిన్న జాగ్రత్తలు

టాబ్లెట్లని వేసుకునేదాకా స్ట్రిప్‌లోనే ఉంచండి. బాత్‌రూమ్ అల్మరాలోనో పొయ్యి పక్కన గూట్లోనో కాకుండా తేమ తగలని చోట పెట్టండి.

డెంగీ అనుమానం ఉన్న జ్వరం వచ్చినా, ఆపరేషన్ ఉన్నా, మీ క్యాప్సూల్‌లో ఆస్పిరిన్ కూడా ఉందని డాక్టరుకి చెప్పండి. ఆస్పిరిన్‌తో రక్తస్రావం ప్రమాదం ఉంటుంది. అది ఆపమన్నప్పుడు స్టాటిన్‌ని విడిగా కొనసాగించాలా అని అడగండి.

8. నిజంగానే పడకపోతే

అప్పుడు కూడా దారులు చాలా ఉన్నాయి. డోసు తగ్గించడం, ఒక స్టాటిన్ బదులు ఇంకోటి ఇవ్వడం, రోసువాస్టాటిన్‌ని రోజు విడిచి రోజు ఇవ్వడం, తక్కువ డోసుకి ఎజెటిమైబ్ అనే ఇంకో కొలెస్ట్రాల్ మందు కలపడం, ఇవన్నీ డాక్టర్లు మామూలుగా చేసేవే. బెంపెడోయిక్ యాసిడ్ అనే టాబ్లెట్ ఉంది. ఖరీదు భరించగలిగితే ఇంక్లిసిరాన్ అనే ఇంజెక్షన్ ఉంది, మొదటి రెండు డోసులు మూడు నెలల తేడాతో, ఆ తర్వాత ఆరు నెలలకొకటి. వీటిలో మీకు ఏది సరిపోతుందో తేలాలంటే ఎప్పటి నుంచి నొప్పి, ఎక్కడ, టాబ్లెట్ ఎన్ని రోజులు తప్పింది, పక్కన ఇంకేం మందులు వాడారు అన్న నాలుగు సంగతులూ ఒక కాగితం మీద రాసి, స్ట్రిప్పులతో పాటు తీసుకెళ్లండి.