అత్యవసర ఉత్తర్వును పరిశీలించడం ఎలా?

మహమ్మారి ప్రబలినా, వరద ముంచెత్తినా, యుద్ధం వచ్చిపడినా ప్రభుత్వానికి మామూలు రోజుల్లో లేని అధికారాలు కావలసివస్తాయి. రోగిని విడిగా ఉంచడం, ముంపు ప్రాంతాన్ని ఖాళీ చేయించడం వంటి చర్యలు కొందరి స్వేచ్ఛకు అడ్డుపడినా పదిమంది ప్రాణాలు కాపాడతాయి. అందుకే అధికారం గొప్పదా, హక్కులు గొప్పవా అని వాదించుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు. వెలువడిన ఉత్తర్వు ప్రతిని సంపాదించి, అందులోని ఒక్కొక్క నిబంధనను విడివిడిగా పరిశీలించాలి. పౌరుడైనా, విలేకరి అయినా, చట్టసభ సభ్యుడైనా చేయదగిన పని ఇది.

చాలామంది మొదట నిషేధాలను చదువుతారు. అంతకంటే ముందు గడువు చూడాలని గట్టిగా చెబుతాను. తేదీ ఉండవలసిన చోట "తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకు" అని రాసి ఉంటే మొదటి అభ్యంతరం అక్కడే చెప్పాలి. జర్మనీలో పార్లమెంటు భవనం తగలబడిన మరునాడు, 1933 ఫిబ్రవరి 28న, జారీ అయిన ఉత్తర్వు వ్యక్తి స్వేచ్ఛను, భావప్రకటనను, సభలు జరుపుకునే హక్కును సరిగ్గా ఇటువంటి మాటతోనే నిలిపివేసింది. 1945లో నాజీ పాలన కూలిపోయేదాకా అది అమలులోనే ఉంది. దక్షిణాఫ్రికా రాజ్యాంగం 37వ సెక్షన్ ఈ ప్రమాదాన్ని ముందే ఊహించి రాసినది. అక్కడ అత్యవసర స్థితి మొదట 21 రోజులకు మించి ఉండదు. మొదటి పొడిగింపునకు జాతీయ అసెంబ్లీ సభ్యులలో మెజారిటీ, ఆ తరువాతి ప్రతి పొడిగింపునకు కనీసం 60 శాతం మంది సమ్మతి కావాలి, ఏ పొడిగింపూ మూడు నెలలు దాటకూడదు. కాలం గడిచేకొద్దీ అధికారాన్ని నిలుపుకోవడం కష్టమయ్యేలా చేసిన ఈ ఏర్పాటు నాకు తెలిసినవాటిలో మేలైనది. మీ ముందున్న ఉత్తర్వును పొడిగించే అధికారం ఎవరిదో, దానిని జారీ చేసినవారే పొడిగించుకోగలరో లేదో తప్పక చూడండి.

తరువాత కారణానికీ ఆంక్షకూ ఉన్న సంబంధాన్ని పరీక్షించాలి. ఒక అంటువ్యాధి వేళ, జిల్లా అంతటా సభలను, రాత్రి సంచారాన్ని, ఇంటర్నెట్‌ను నిషేధిస్తూ ఒకే ఉత్తర్వు వచ్చిందనుకుందాం. మనుషులు గుమిగూడితే వ్యాధి సోకుతుంది గనుక సభల నిషేధానికి కారణం ఉంది; అయితే ఆరుబయట, తక్కువ మందితో, దూరం పాటిస్తూ జరుపుకుంటే సరిపోదా అని అడగాలి. రాత్రి సంచారం విషయంలో, పగటి కంటే రాత్రి ప్రమాదం ఎందుకు ఎక్కువో అధికారులే చూపించాలి. ఇంటర్నెట్ నిషేధానికి వ్యాధితో సంబంధమే లేదు, పైగా వైద్య సలహా జనానికి అందకుండా పోతుంది. జిల్లా అంతటా ఎందుకు, వ్యాధి ఉన్న మండలాలలో చాలదా అన్నది ఆఖరి ప్రశ్న. ఇలా విడదీస్తే, మొత్తం ఉత్తర్వును తిరస్కరించకుండానే ఏ నిబంధన నిలుస్తుందో, దేనిని సవరించాలో, దేనిని తొలగించాలో తేలిపోతుంది.

కొన్ని హక్కుల విషయంలో ఈ తూకం అసలు వర్తించదు. 1966లో ఆమోదం పొంది 1976లో అమలులోకి వచ్చిన పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక 4వ అధికరణం ప్రకారం, జాతి మనుగడకే ముప్పు వచ్చినా జీవించే హక్కును, చిత్రహింసలకూ బానిసత్వానికీ గురికాకుండా ఉండే హక్కును, ఆలోచనా స్వేచ్ఛను నిలిపివేయడానికి వీలులేదు. చేసిన నాటికి నేరం కాని పనికి తరువాత శిక్ష వేయడానికీ వీలులేదు. కేవలం జాతి, రంగు, లింగం, భాష, మతం, సామాజిక మూలాల ఆధారంగా వివక్ష చూపే చర్యలనూ ఆ అధికరణం అనుమతించదు.

న్యాయస్థానం ఎలాగూ ఉందికదా అని ఊరుకోవడం మంచిది కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా జపాన్ మూలాలున్న లక్షమందికి పైగా ప్రజలను ఇళ్లనుంచి తరలించి శిబిరాలలో నిర్బంధించినప్పుడు, ఆ తరలింపు ఉత్తర్వును 1944లో సుప్రీంకోర్టు సమర్థించింది. ప్రభుత్వం చట్టం ద్వారా క్షమాపణ చెప్పి, బతికి ఉన్న ఒక్కొక్క బాధితునికి 20,000 డాలర్లు ఇవ్వడానికి 1988 దాకా పట్టింది. భారతదేశంలో 1976లో, ఎమర్జెన్సీలో నిర్బంధితులు హైకోర్టులను ఆశ్రయించలేరని సుప్రీంకోర్టు న్యాయమూర్తులు నలుగురు తీర్పు చెప్పగా, జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే విభేదించారు. 1978 నాటి 44వ రాజ్యాంగ సవరణ, నేరారోపణల్లో రక్షణకూ ప్రాణ, వ్యక్తిగత స్వేచ్ఛలకూ సంబంధించిన 20, 21 అధికరణాల అమలును ఎమర్జెన్సీలో సైతం నిలిపివేయరాదని శాసించింది. 1976 నాటి ఆ తీర్పును సుప్రీంకోర్టే 2017లో తోసిపుచ్చింది. రెండు చోట్లా దిద్దుబాటు జరిగింది, కానీ నిర్బంధంలో గడిచిన కాలం ఎవరికీ తిరిగి రాలేదు. అందువల్ల కోర్టులో పిటిషన్ వేస్తూనే, చట్టసభలో ప్రశ్న వేయించాలి, పత్రికలకు రాయాలి, నిర్బంధితుల పేర్లను ప్రకటించాలని కోరాలి.

సేకరించే సమాచారంపైనా కన్నువేయాలి. సింగపూర్‌లో కోవిడ్ సోకినవారిని కలిసినవారి ఆచూకీ కోసం తెచ్చిన ట్రేస్‌టుగెదర్ యాప్ సమాచారాన్ని నేర దర్యాప్తుకు పోలీసులు కూడా తీసుకోవచ్చని 2021 జనవరిలో బయటపడింది. విమర్శలు వచ్చాక తీవ్ర నేరాలకే పరిమితం చేస్తూ చట్టం చేశారు. సేకరణకు ముందే ప్రయోజనాన్ని, చెరిపివేసే తేదీని ఉత్తర్వులో రాయించాలి.

గడువు ముగిసిన రోజున పరిశీలన ఆపవద్దు. ఫ్రాన్స్‌లో 2015 నవంబరులో మొదలైన అత్యవసర స్థితి 2017 నవంబరు 1న ముగిసింది, అయితే అంతకు రెండు రోజుల ముందు చేసిన చట్టం దానిలోని కొన్ని అధికారాలను సాధారణ చట్టంలోకి చేర్చింది. కాబట్టి పాత ఉత్తర్వును పక్కన పెట్టుకుని, ఆ తరువాత వచ్చిన బిల్లులను అందులోని నిబంధనలతో పోల్చి చూడండి; ఉత్తర్వు కింద పెట్టిన కేసులు ఉపసంహరించారా, సేకరించిన సమాచారం చెరిపేశారా అని సంబంధిత శాఖను లిఖితపూర్వకంగా అడగండి.